మార్చి వస్తే తిండి మానే కుక్క

డునెడిన్
12 ఏప్రిల్ 1983

ఒరే యూవన్,

చేరాను. పడవలో జలసంధి దాటేటప్పుడు కడుపులో ఉన్నదంతా సముద్రానికి అప్పగించాను. ఆ తర్వాత బస్సులో నాలుగు గంటలు కూర్చుని ఈ హాస్టల్‌లో వచ్చి పడ్డాను. దూరపు ఊళ్ల నుంచి వైద్యానికొచ్చే ఆడవాళ్ల కోసం నడుపుతున్న ఇల్లు ఇది. పదకొండు మందిమి ఉన్నాం. వంటా పెత్తనమూ మిసెస్ క్రైటన్ అనే ఆవిడవి. మనిషి మంచిదే. ఆవిడ సూప్ మాత్రం గిన్నెలు కడిగిన నీళ్లకి దగ్గరి చుట్టం.

రేపటి నుంచి రేడియేషన్. వారానికి అయిదు రోజులు, మొత్తం ఆరు వారాలు. రొమ్ము కోసేశాక ఇంకా ఏం మిగిలిందని కాలుస్తారో డాక్టరు వివరంగానే చెప్పాడు. నాకు వినబడని చెవి వైపు కూర్చుని చెప్పాడు, అంతే తేడా. అందుకే నువ్వు ఫోన్ చెయ్యకు. ఫోను వరండాలో ఉంది, నేను అరుస్తుంటే పదిమందీ వింటారు. ఉత్తరం రాయి.

ఇక అసలు సంగతి. నువ్వు ముప్పై ఎనిమిదేళ్లు రైళ్లకి సిగ్నళ్లు వేసిన మనిషివి. రైలుకి ఆకలి వెయ్యదు, అలగదు. నా ఇంట్లో ఉన్న రెండూ రెండు పనులూ చేస్తాయి. జాగ్రత్తగా చదువు.

టాన్సీకి గిన్నెలో పెట్టకు. మీసాలు అంచుకి తగిలితే అది తినదు. బల్లపరుపు సాసర్‌లో పెట్టి, నువ్వు అక్కడి నుంచి కదిలి వెళ్లిపో. పిల్లి తినేటప్పుడు గుడ్లప్పగించి చూడటం అమర్యాద.

బోసన్ సంగతి వేరు. మార్చి ఇరవయ్యో తారీఖు వస్తే వాడికి తిండి సయించదు. ఆర్చీ పోయిన రోజు అది. నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఒక్క ఏడాది కూడా తప్పలేదు. జూన్ దాకా అంతే. మిగతా ఏడాది కూడా నా దగ్గర తక్కువే తింటాడు, దిగులుతో. ఊరంతా మీ బావని మర్చిపోయింది. తారీఖు గుర్తున్నది నాకూ ఆ కుక్కకీ. నేను వేళ్లతో నోట్లో పెడితే నాలుగు ముద్దలు తినేవాడు. నువ్వూ పెట్టి చూడు.

పొద్దున ఆరున్నరకి తలుపు తియ్యి. రేవు వైపు వెళ్తాడు. ఆర్చీ పడవ కోసం చూసి గంటకి తిరిగొస్తాడు. వాడి వెనకాల వెళ్లకు. నేనెప్పుడూ వెళ్లలేదు, ఆ దృశ్యం చూసి తట్టుకోలేను.

మీ అక్క
మోరాగ్


హాఫ్‌మూన్ బే, స్టీవర్ట్ దీవి
16 ఏప్రిల్

అక్కయ్యా,

నాలుగు రోజుల నివేదిక ఇది. సిగ్నల్ కేబిన్‌లో అలవాటైన పద్ధతి ప్రకారం ఒక నోటుబుక్కు పెట్టి టైములతో సహా రాస్తున్నాను. నవ్వకు.

టాన్సీ నీ సాసర్‌లో నేను పెట్టిన చేపని వాసన చూసి, దాన్ని పాతిపెడుతున్నట్టు ముందు కాలితో నేల గీరింది. తర్వాత నా రొట్టె మీది వెన్న నాకేసి వెళ్లిపోయింది. రెండో రోజూ ఇదే వరస. మూడో రోజు ఒక ఆలోచన తట్టింది. అది అడవిలో ఎలకని పట్టుకుంటే ఆ ఎలక ఎలా ఉంటుంది? వెచ్చగా ఉంటుంది! ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని చేపని ఎందుకు తింటుంది? సాసర్‌ని వేణ్ణీళ్ల గిన్నె మీద అయిదు నిమిషాలు ఉంచి పెట్టాను. మొత్తం ఊడ్చేసింది. నువ్వు వెచ్చబెడతావని నాకెందుకు చెప్పలేదు? లేక నువ్వు పెట్టేది ఎప్పుడూ అప్పుడే ఉడికించిన చేపేనా? అడక్కుండా ఉండలేను, తెలుసుగా నీకు.

బోసన్ దగ్గర మాత్రం నా తెలివి పని చెయ్యలేదు. గొర్రె మాంసం వద్దన్నాడు. సాసేజ్ వద్దన్నాడు. కోడిగుడ్డు నోట్లో పెట్టుకుని, మర్యాదగా తివాచీ మీద దింపేశాడు. వేళ్లతో పెట్టాను. నా వేళ్లు నాకి, నా మొహంలోకి చూశాడు. ‘నీ ప్రయత్నం నాకు అర్థమైందిలే’ అన్నట్టుంది ఆ చూపు. రోజుకి రెండు బిస్కెట్లు తింటున్నాడు, అంతే. పొద్దున ఆరున్నరకి వెళ్తున్నాడు, ఏడున్నరకి వస్తున్నాడు. నీ మాట ప్రకారం వెనకాల వెళ్లలేదు. కిటికీ లోంచి మలుపు దాకా చూశాను. అది వెళ్లడం కిందికి రాదు కదా?

కాకా చిలకలు రెండు వంటింటి కిటికీ మీద వాలి నా బిస్కెట్లు ఎత్తుకుపోయాయి. ఈ దీవిలో తిండి విషయంలో పేచీ లేనివి అవే.

నువ్వు తింటున్నావా?

యూవన్


డునెడిన్
20 ఏప్రిల్

యూవన్,

నేను నీకు కుక్క సంగతి రాయమంటే నువ్వు నా సంగతి అడుగుతావేం? తింటున్నాను. అంటే, బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఏది నోట్లో పెట్టినా ఇనుము నాకినట్టుంది. నర్సు నన్ను తూకం వేసి మూతి ముడిచింది. “మిసెస్ బైర్న్, ఇలాగైతే డాక్టరు వైద్యం ఆపాల్సొస్తుంది” అంది. “ఆపండి, ఇంటికి పోతాను” అన్నాను. నా పక్క మంచం బెరిల్ అని, పశువుల డెయిరీ నడిపిన మనిషి. చీకటి పడేదాకా మేజోళ్లు అల్లుతూనే ఉంటుంది. ఆవిడ నా వంక చూసి, “మా ఆవులు ఈనాక ఇలాగే మొండికేసేవి” అంది. నాకు నవ్వొచ్చింది, ఈ వారంలో మొదటిసారి.

పిల్లికి వెచ్చబెట్టాలని నీకు చెప్పలేదంటే, అది చెప్పాల్సిన సంగతని నాకు తోచలేదు. చల్లటి చేప ఎవరు తింటారు?

కానీ బోసన్ రెండే బిస్కెట్లా? ఏ ఏడూ ఇంత అధ్వాన్నంగా లేడు. నేను లేనని దిగులు పడుతున్నాడు. ఆర్చీ వెళ్లాడు, ఇప్పుడు నేను. వాడి లెక్కలో నేనూ సముద్రంలోకే వెళ్లాను. పక్కటెముకలు కనబడుతున్నాయా? నిజం రాయి. నిన్నంతా అదే ఆలోచన, మధ్యాహ్నం సూప్ కూడా ముట్టలేదు.

మోరాగ్


హాఫ్‌మూన్ బే
24 ఏప్రిల్

అక్కయ్యా,

శుభవార్త! బోసన్ తిన్నాడు. నిన్న దుకాణంలో గొర్రె కాలేయం దొరికితే ఉల్లిపాయలతో వేయించాను. పళ్లెం ఖాళీ చేసి ఇంకా కావాలన్నట్టు తోక ఊపాడు. ఈ రోజూ అంతే. ఒళ్లు కూడా చేస్తున్నాడు. కాబట్టి నువ్వు వాడి గురించి ఆలోచించడం మానేసి ఆ సూప్ తాగు. గిన్నెలు కడిగిన నీళ్లైనా సరే, నిన్ను నిలబెడితే చాలు.

టాన్సీ కులాసా. నా కుర్చీ దానిదైపోయింది, నేను స్టూలు మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. వానలు మొదలయ్యాయి. నీ చిమ్నీ పొగ వెనక్కి తన్నుతోంది, రేపు పైకెక్కి చూస్తాను.

యూవన్


డునెడిన్
28 ఏప్రిల్

యూవన్,

కాలేయం వాసన తగిలితే బోసన్ కక్కుకుంటాడు. పిల్లప్పటి నుంచీ అంతే. ఒకసారి ఆర్చీ పడవలో వేయిస్తే, వాడు పక్క పడవలోకి దూకేశాడు.

నువ్వు చిన్నప్పటి నుంచీ అబద్ధం ఆడటంలో మొద్దువి. గడియారం విప్పి పాడుచేసినప్పుడు కూడా పిల్లి మీదకి తోశావు, అప్పుడు మనింట్లో పిల్లే లేదు. ఇప్పుడు అబద్ధం ఎందుకు ఆడావో నాకు తెలుసు. వాడు చచ్చిపోయాడు. అంతేనా? పాతిపెట్టేశావు. నేను తిరిగొచ్చేదాకా దాచిపెడదామని కాలేయం కథ అల్లావు.

ఎక్కడ పెట్టావో అది మాత్రం చెప్పు. వచ్చే శుక్రవారం బస్సెక్కి వచ్చేస్తున్నాను. వైద్యం సగం కూడా కాలేదు, కానివ్వు. ఆ ఇంట్లో నా కోసం ఎదురుచూసే ప్రాణం లేనప్పుడు నేను బాగుపడి ఏం చెయ్యాలి?

ఎవరో ఒకరు నిజం చెప్పేదాకా ఈ గదిలోంచి కదలనని నర్సుకి చెప్పేశాను.

మోరాగ్


హాఫ్‌మూన్ బే
2 మే

అక్కయ్యా,

ముందు ఈ కవర్లో మడతపెట్టిన కాగితం తీసి చూడు. అది బోసన్ కుడి ముందు కాలు, మసి పూసి నొక్కించాను. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి. బయటి వేలికి గోరు లేదు, చూశావుగా? ఇంకే కుక్కనో పట్టుకొచ్చి నొక్కించాననుకోకు. వీడు ఒప్పుకోవడానికే నాకు గంట పట్టింది, నా చొక్కా కూడా పోయింది.

వాడు బతికే ఉన్నాడు. కాలేయం అబద్ధం. నువ్వు సూప్ ముట్టలేదని రాస్తే నాకేం చెయ్యాలో తోచక అబద్ధం రాశాను. నన్ను తిట్టు. కానీ బస్సెక్కకు.

పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, అదీ నిజమే. నీ ఉత్తరం చూశాక ఇంక లాభం లేదని నువ్వు వద్దన్న పని చేశాను. నిన్న వాడి వెనకాల వెళ్లాను.

అక్కా, వాడు రేవుకి వెళ్లడం లేదు! రేవు దారిలోనే వెళ్లి, పడవల షెడ్డు దాటగానే ఎడమకి తిరిగి గుట్టెక్కాడు. పైన ఆకుపచ్చ రేకుల ఇల్లు ఒకటుంది, తలుపు తాళం వేసి ఉంది. దాని వెనక మెట్టు మీద కూర్చున్నాడు. సముద్రం వైపు వీపు, తలుపు వైపు మొహం. గంట సేపు కదల్లేదు. నేను ఫ్లాక్స్ పొదల వెనక నక్కి చూస్తుంటే వెనక నుంచి ఎవరో కర్రతో పొడిచారు.

“ఎవరయ్యా నువ్వు, మా వాళ్ల ఇంటి వెనక నక్కావు?”

పొట్టి ముసలావిడ, ఎనభై ఏళ్లుంటాయి. మోరాగ్ తమ్ముణ్ణని చెప్పాను.

“ఓహో, రైలాయనా! నువ్వు చిలకలతో పోట్లాడుతున్నావని దుకాణంలో చెప్పారులే. నేను రిపేకాని. అందరూ రిపేకా ఆంటీ అంటారు, నువ్వూ అలాగే అను.”

“ఈ కుక్క ఇక్కడేం చేస్తోంది ఆంటీ? పడవ కోసం చూస్తాడని మా అక్క అంది.”

“పడవా, పాడా! జావ కోసం చూస్తున్నాడు. మా టియోనే పెడతాడుగా రోజూ. నా చెల్లెలి కొడుకు. కాడ్ చేప తలకాయలూ ఓట్సూ కలిపి ఆ సత్తు కెటిల్లో ఉడికించి, ముళ్లు తీసి, పొద్దున్నే ఈ మెట్టు మీద పెడతాడు. నాలుగేళ్లైంది. ఇప్పుడు వాడు టీటీ దీవుల్లో ఉన్నాడు. మార్చి ఇరవైకల్లా వెళ్తే మే ఆఖరుకి గానీ రాడు. టీటీ పిట్టల్ని పట్టి ఉప్పులో ఊరబెట్టే కాలం కదా. నేను కూడా వెళ్లేదాన్నే, ఈ మోకాళ్లు ఒప్పుకుంటేనా!”

అర్థమైందా అక్కా? మార్చి ఇరవై! వాడు తిండి మానడం లేదు, వాడికి పెట్టే మనిషి దీవికి వెళ్లిపోతున్నాడు! మిగతా ఏడాదంతా నీ దగ్గర తక్కువ తింటాడని అన్నావే, అది దిగులు కాదు, అప్పటికే కడుపు నిండుగా ఉండటం. మార్చి నుంచి అదీ లేదు. ఏటా నీ చేతి ముద్దలతో నెట్టుకొచ్చేవాడు, ఈసారి నువ్వూ లేవు. సిగ్నల్ కేబిన్‌లో తాళంచెవి తిప్పగానే మీటలన్నీ వరసగా పడినట్టు నాకన్నీ తేలిపోయాయి. నిన్నంతా ఆనందంతో గంతులేశాను.

ఈ టియోనే ఎవరు? నీకు తెలుసా? మంచివాడిలా ఉన్నాడు.

యూవన్


డునెడిన్
6 మే

యూవన్,

ఆ పేరు నా ఇంట్లో నాలుగేళ్లుగా ఎవరూ ఎత్తలేదు. నువ్వు నా వంటింట్లో కూర్చుని గంతులేస్తూ రాశావు.

నీకు తెలియదు. నువ్వు ఆర్చీ అంత్యక్రియలకి రాలేదు. లైను మీద కొండచరియ పడింది, సెలవు దొరకలేదు అన్నావు, నేను సరేనన్నాను. వచ్చి ఉంటే తెలిసేది. ఇప్పుడు విను.

టియోనే మీ బావకి తమ్ముడిలాంటివాడు. పదకొండేళ్లు ఒకే పడవలో చేపలు పట్టారు. ఆ మార్చి ఇరవయ్యో తారీఖున ఆర్చీ అతన్నీ అతని సామానునీ పిట్టల దీవిలో దింపడానికి బయల్దేరాడు. బోసన్ కూడా పడవలో ఉన్నాడు. దీవి దగ్గర రాళ్ల మధ్య అల కొట్టి పడవ తిరగబడింది. టియోనే ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. చంకలో కుక్క ఉంది. ఆర్చీ మూడో రోజు దొరికాడు.

వెతకడానికి వెళ్లినవాళ్లు టియోనేని రేవులో దింపినప్పుడు ఊరంతా అక్కడే ఉంది. అతను వణుకుతూ నా దగ్గరకొచ్చి కుక్కని నా చేతుల్లో పెట్టబోయాడు. నేను అన్నాను, “కుక్కని తెచ్చావు. మనిషిని తేలేకపోయావు.” అందరూ విన్నారు. అతను బోసన్‌ని నేల మీద దింపి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నా గేటు ముందు నడవలేదు. నేను అటు చూడలేదు. అన్నది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు నువ్వు చెబుతున్నావు, నాలుగేళ్లుగా నా కుక్క రోజూ పొద్దున్నే వెళ్లి అతని మెట్టు మీద భోంచేసి వస్తోందని. వాడూ నేనూ కలిసి ఆర్చీ కోసం దిగులుపడుతున్నామనుకున్నాను యూవన్. సాయంత్రాలు వాడి తల నిమిరి, ‘మనిద్దరమే’ అనేదాన్ని. వాడికి కడుపు నిండింది, అంతే. దిగులుపడింది నేను ఒక్కదాన్నే.

అతని జావ నా కుక్కకి పెట్టకు. నా ఇంట్లో తింటే తింటాడు, లేకపోతే లేదు.

మోరాగ్

తా.క. ఇది నిన్న రాశాను, పోస్టు చెయ్యలేదు. ఇవాళ పొద్దున ఆ మసి కాలిగుర్తు మళ్లీ తీసి చూశాను. జావ పెట్టెయ్యి. నేనేమీ అనను. దాని గురించి నాకు మాత్రం రాయకు.


హాఫ్‌మూన్ బే
11 మే

అక్కయ్యా,

కొండచరియ పడిన మాట నిజమే. కానీ మూడో రోజుకి లైను తెరుచుకుంది. నేను రావాలనుకుంటే వచ్చేవాణ్ణి. నువ్వు ఏడుస్తుంటే చూడాల్సొస్తుందని భయపడ్డాను. ఇది నీకు ఎప్పుడో చెప్పాల్సింది. నేను వచ్చి నీ పక్కన నిలబడి ఉంటే, ఆ మాట అనకుండా నీ చెయ్యి పట్టుకునేవాణ్ణేమో. అలా కూడా అనుకుంటున్నాను, పనికిరాని ఆలోచనే అయినా.

రాయొద్దన్నావు. కొంచెం రాస్తాను, చదవకపోతే చింపెయ్యి.

జావ మొదట మనింట్లో కాచాను. రిపేకా ఆంటీ పక్కనే నిలబడి, “ముళ్లు తియ్యి, ఇంకా తియ్యి, కుక్క గొంతుకేమన్నా ఇనుపదా?” అని నా ప్రాణం తీసింది. పళ్లెంలో పెడితే బోసన్ వాసన చూసి తలుపు వైపు చూశాడు. ఆంటీ అదే జావని సత్తు కెటిల్లో పోసి, గుట్టెక్కి, ఆ మెట్టు మీద పెట్టింది. అప్పుడు తిన్నాడక్కా. నేను వాడి పక్కన కింద కూర్చున్నాను. మొదట నెమ్మదిగా నాకాడు. తర్వాత కెటిల్ని మెట్లన్నీ దొర్లించుకుంటూ తిన్నాడు. చివరకి తల లోపల ఇరుక్కుంది. లాగడానికి ఇద్దరం కావాల్సొచ్చింది. అది ఆరో తారీఖు, నీ ఉత్తరం ఇంకా అందక ముందే. ఇవాళ్టికి అయిదు రోజులుగా తింటున్నాడు. ఇది కాలేయం కథ కాదు, ఆంటీ సాక్ష్యం.

కానీ నన్ను ఒక సంగతి వదలడం లేదు. మొన్న పొద్దున కెటిల్ ఖాళీ చేశాక వాడు ఏం చేస్తాడా అని చూశాను. అక్కడే ఎండలో పడుకోవచ్చు కదా? తిండి అక్కడుంది, మెట్టు వెచ్చగా ఉంది. మూతి నాకేసుకుని, లేచి, గుట్ట దిగి తిన్నగా మనింటికి వచ్చాడు. నీ మంచం పక్కన, నీ చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. నా నోటుబుక్కులో నెల రోజుల టైములున్నాయి. ఆరున్నరకి వెళ్లాడు, ఏడున్నరకి వచ్చాడు, ఒక్క రోజు తప్పలేదు. ఇంటికి వచ్చింది తిండి కోసం కాదని ఇప్పుడు తేలింది కదా? మరి నాలుగేళ్లు, రోజూ, కడుపు నిండిన కుక్క నీ దగ్గరికి ఎందుకు తిరిగొచ్చింది?

నాకు జవాబు తెలుసనుకుంటున్నాను. నువ్వే ఆలోచించు.

యూవన్


డునెడిన్
17 మే

యూవన్,

నీ ఉత్తరం బెరిల్‌కి చదివి వినిపించాను. ఆవిడ అల్లిక పక్కన పెట్టి ముక్కు చీదుకుని, “మీ తమ్ముడికి పెళ్లయిందా?” అని అడిగింది. యాభై ఏడేళ్లని చెప్పాను. “ఫరవాలేదు” అంది. నీ ఇష్టం.

చర్మం కమిలి బొబ్బలెక్కిందని వారం రోజులు వైద్యం ఆపారు. మళ్లీ మొదలుపెట్టి వచ్చే నెల మొదటి వారానికి ముగిస్తారు. శుక్రవారం బస్సు మాట మర్చిపో. ఉంటాను.

ఇవాళ టోస్టు సగం తిన్నాను. రుచి లేదు, కానీ తిన్నాను.

నువ్వు అంత్యక్రియలకి రాకపోవడం గురించి రాసింది చదివాను. దాని గురించి ఎదురుగా మాట్లాడుకుందాం, కాగితం మీద నేను కఠినంగా రాస్తాను.

అతను దీవి నుంచి వస్తే నువ్వేమీ అనకు. నిన్ను నేనెరుగుదును, ‘ఆ రోజు ఏం జరిగింది, అల ఎటు నుంచి వచ్చింది’ అని మొదలుపెడతావు. అడక్కు.

మోరాగ్


హాఫ్‌మూన్ బే
30 మే

అక్కయ్యా,

అతను వచ్చాడు.

నిన్న మధ్యాహ్నం నేను గేటుకి రంగు వేస్తున్నాను. బోసన్ ఉన్నట్టుండి నా కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయాడు, రంగు డబ్బా నా మీదే పడింది. రోడ్డు మీద ఒక పొడుగాటి మనిషి, చేతిలో బకెట్. బోసన్ అతని చుట్టూ గిరగిరా తిరుగుతూ ఏడ్చినట్టు అరుస్తున్నాడు. అతను బకెట్ దింపి, మోకాళ్ల మీద కూర్చుని, వాడి పక్కటెముకల మీద చేత్తో తడిమి చూశాడు.

“చిక్కావురా” అన్నాడు. తర్వాత నా వంక చూసి, “ఆంటీ చెప్పింది. మీరు మెట్టు మీద జావ పెట్టారట. చాలా థాంక్సండీ” అన్నాడు.

లోపలికి రమ్మన్నాను. గేటు నేనే తెరిచి పట్టుకున్నాను. అతను గేటు వైపు చూశాడు గానీ కదల్లేదు.

“వదిన లేనప్పుడు వద్దండీ. ఆవిడ రమ్మనాలి.”

ఇద్దరం రోడ్డు మీదే నిలబడ్డాం. చేతులకి ఏం పని చెప్పాలో తెలియక నేను కుంచె కడుగుతూనే ఉన్నాను.

“కుక్కని నా వైపు తిప్పుకున్నాననుకుంటుందేమో ఆవిడ” అన్నాడు. “అది కాదండీ. ఆర్చీ అన్న పోయిన వారానికే వీడు నా మెట్టు మీదకొచ్చాడు. పడవలో వీడికి జావ కాచేది నేనే. పొమ్మని తరిమాను. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఇంక కాచాను. తినగానే ‘ఇంటికి పోరా’ అనేవాణ్ణి. వెళ్లేవాడు.”

“మా అక్కకి చెప్పి ఉండాల్సింది” అన్నాను.

“ఎలా చెప్పనండీ? ఆవిడ అన్నది నిజమే కదా. కుక్కనే తెచ్చాను.” బోసన్ చెవులు నిమురుతూ, “ఆ రోజు నీళ్లలో ఆర్చీ అన్న నాతో—” అని మొదలుపెట్టాడు.

అక్కా, నా సంగతి నీకు తెలుసు. ఎవరిదో గడియారం ఆగినా ఎందుకాగిందో తెలియకపోతే నాకు అన్నం దిగదు. నా పెదాల మీదకి పది ప్రశ్నలొచ్చాయి. కానీ చెయ్యెత్తి ఆపేశాను. “నాకు చెప్పకయ్యా టియోనే. అది మా అక్క వినాల్సిన మాట. ఆవిడ కంటే ముందు నేను వినకూడదు” అన్నాను. అతను సరేనని తల ఊపాడు.

వెళ్తూ వెళ్తూ, “వదిన తింటోందా?” అని అడిగాడు.

“టోస్టు సగం.”

బకెట్‌లోంచి ఉప్పులో ఊరిన టీటీ పిట్టలు మూడు తీసి ఆకుల్లో చుట్టి ఇచ్చాడు. “పంపండి. ఎవరు ఇచ్చారో చెప్పకండి, చెబితే తినదేమో” అన్నాడు.

నేను చెబుతున్నాను. ఇంక నీకు అబద్ధం రాయనని ఒట్టు పెట్టుకున్నాను. పార్సెల్ ఈ ఉత్తరంతోనే వస్తుంది. దాని వాసన ముందే వచ్చి ఉంటుంది.

యూవన్


డునెడిన్
3 జూన్

తమ్ముడూ,

పార్సెల్ వచ్చింది. పోస్టు తెచ్చినతను చెయ్యి బారుగా చాపి పట్టుకుని అందించాడు.

రెండు రోజులు కిటికీ బయట గట్టు మీద పెట్టాను. విసిరి పారేద్దామని ఒకసారి చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇవాళ రేడియేషన్ ఆఖరి రోజు. తిరిగొచ్చాక, మిసెస్ క్రైటన్‌ని అడిగి వంటింట్లో పెద్ద గిన్నె పెట్టాను. మూడుసార్లు నీళ్లు మార్చి ఉడికించాను. మొదటి నీళ్లు మరిగేసరికి ఆవిడ అన్ని కిటికీలూ తెరిచింది. రెండోసారికి బయటికెళ్లి తోటలో నిలబడింది. బెరిల్ మాత్రం నా పక్కనే కూర్చుని, “ఇది చేపా, మేకా, దీపం నూనెనా?” అని అడుగుతూ ఉంది.

ఒక పిట్ట మొత్తం తిన్నాను యూవన్. వేళ్లతో, ఎముకలు చప్పరిస్తూ, ఉట్టి బంగాళాదుంపతో. ఉప్పు తెలిసింది. కొవ్వు తెలిసింది. రెండు నెలల తర్వాత నా నాలుక మీద ఒక రుచి నిలిచింది. తింటూ ఏడ్చాను. ఆర్చీ బతికుండగా ఏటా జూన్‌లో మొదటి బకెట్ మనింటికే తెచ్చేవాడు టియోనే. పోయాక కూడా తెచ్చేవాడేమో, నేను ఆ మాట అనకపోయి ఉంటే. బెరిల్ రెండో పిట్ట లాక్కుంది.

మొన్నటి నుంచీ ఒకటే లెక్క వేస్తున్నాను. ఒక మనిషి అలల్లో ఈదాలంటే రెండు చేతులూ కావాలి. అతను ఒక చేత్తో ఈదాడు. రెండో చెయ్యి ఎందుకు ఖాళీగా లేదో నేను ఎప్పుడూ అడగలేదు. ఆ కుక్కని ఎవరు అతని చేతికిచ్చారో అడగలేదు. అడిగితే, ఆర్చీ ఆఖరి క్షణం నా కళ్ల ముందుకొస్తుందని భయం. నాలుగేళ్లు ఆ భయాన్ని కోపం అనుకున్నాను.

నువ్వు అతన్ని మధ్యలో ఆపావు. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును, ప్రశ్న నోట్లో పెట్టుకుని మింగగలిగిన మనిషివి కావు. నువ్వు అంత్యక్రియలకి రాకపోవడం గురించి ఎదురుగా మాట్లాడతానన్నాను కదా? అక్కర్లేదు. అది అయిపోయింది.

పదో తారీఖు పడవలో వస్తున్నాను. టియోనేని రేవుకి రమ్మను. నేను ఆ మాట అన్నది అక్కడ, ఊరందరి ముందు. తప్పని కూడా అక్కడే చెప్పాలి. రాకపోతే నేనే గుట్టెక్కుతాను, ఈ ఒంట్లో ఎంత సత్తువ ఉంటే అంత దూరం.

ఆ తర్వాత మనింటికి తీసుకెళ్లి నా ఎదురుగా కూర్చోబెడతాను. ఆ రోజు నీళ్లలో ఆర్చీ అతనితో ఏమన్నాడో చెప్పమంటాను. నన్ను చూసి ఏదీ దాచొద్దని నువ్వు ముందే చెప్పి ఉంచు. వినగలను.

మీ అక్క
మోరాగ్